తన గొంతు తాను విన్న రాకుమారుడు

చాలా కాలం కిందట, పిల్లలూ, తెల్లేరు అనే నది సముద్రంలో కలిసే చోట కేతనగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని గజకేతు మహారాజు ఏలేవాడు. ఆయన గొంతు చాలా పెద్దది. కోటలో ఆయన తుమ్మితే ఊరి చివర మేసే ఎడ్లు బెదిరిపోయేవి. "రాజన్నాక గొంతుండాలి. గొంతు లేనివాడు గొర్రెల్ని కూడా కాయలేడు" అని ఆయన ఎప్పుడూ అంటుండేవాడు.

ఆయనకు ముగ్గురు కొడుకులు.

పెద్దవాడు రణకేతు. వాడికి అచ్చం తండ్రి గొంతే వచ్చింది. వాడు ఒక్క కేక వేస్తే గుర్రాలు కూడా నిటారుగా నిలబడేవి.

రెండోవాడు మధుకేతు. వాడి మాట తేనె. కోపంగా పోట్లాడ్డానికి వచ్చినవాళ్ళు వాడితో రెండు మాటలు మాట్లాడి, భోజనం చేసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

మూడోవాడు పుష్యకేతు. వాణ్ణి ఏదైనా అడిగితే కాసేపు మాట్లాడేవాడు కాదు. అడిగినవాళ్ళ మొహం వంక చూసి, నేల వంక చూసి, ఆలోచించి, అప్పుడు నోరు తెరిచేవాడు. అప్పటికి సభ ఇంకో విషయంలోకి వెళ్ళిపోయి ఉండేది. అందుకని జనం వాణ్ణి 'నిదానం దొర' అనేవాళ్ళు. ఆ పేరు వాడికీ తెలుసు. తనలో ఏదో తక్కువుందని తనలో తానే అనుకునేవాడు.

ఒకసారి తోటలోకి వెళ్ళి పెద్దన్నయ్యలాగా కేక వేయడం నేర్చుకోబోయాడు. తోటమాలి పరిగెత్తుకుంటూ వచ్చి, "పాము కరిచిందా బాబూ?" అని అడిగాడు. ఇంకోసారి అద్దం ముందు నిలబడి చిన్నన్నయ్యలాగా నవ్వడం నేర్చుకోబోయాడు. దాది చూసి, "పంటి నొప్పా నాయనా?" అంది. ఆ తర్వాత సభలో వాడు ఎవరి కంటా పడకుండా స్తంభం చాటున కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇలా ఉండగా ఒకనాడు సభకు ఒక మాంత్రికుడు వచ్చాడు. పేరు ధూమ్రకేశుడు. జుట్టు పొగలాగా గాలిలో తేలుతోంది. చేతిలో చిన్న మట్టి కుండ ఉంది.

"మహారాజా, నేను ఏడు సముద్రాల అవతలి దీవి నుంచి వచ్చాను. మీ పక్కన మీతో సమానమైన ఆసనం ఒకటి వేయించండి. మీరు కోరింది చేసిపెడతాను" అన్నాడు.

గజకేతు పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడు కదా అని మంత్రులు నవ్వారు. మంత్రులు నవ్వారని భటులు నవ్వారు. సభ సభంతా నవ్వింది.

మాంత్రికుడు తిన్నగా నది ఒడ్డుకు నడిచి వెళ్ళి, కుండ వంచి నీళ్ళలో ముంచాడు. తెల్లేరు నది మొత్తం పాము పుట్టలోకి జారినట్టు ఆ కుండలోకి జారిపోయింది. చివరికి ఇసకా, చేపలూ మిగిలాయి.

"నా దీవిలో ఒక చిలక ఉంది. మూడు రోజులు, రోజుకొక్కసారి అది చెప్పే మాటను ఎవడైనా విని తట్టుకుంటే ఈ నది వాడిది. ఎవణ్ణి పంపిస్తావో పంపించు" అని, సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చిన రాజుతో చెప్పి మాయమైపోయాడు.

చిలక మాట వినడమేగా, ఇదేం పెద్ద పని అని రణకేతు మంచి ఓడ చూసుకుని బయల్దేరాడు. ఏడాది గడిచింది. వాడు తిరిగి రాలేదు. మధుకేతు బయల్దేరాడు. ఇంకో ఏడాది గడిచింది. వాడూ రాలేదు. మూడో ఏడు వచ్చేసరికి బావులు ఎండిపోయాయి. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మూడేసి కోసులు నడుస్తున్నారు. పశువులు పడుకున్న చోటే లేవడం మానేశాయి. గజకేతు మహారాజు గొంతు కూడా సన్నబడిపోయింది.

పుష్యకేతు తండ్రి దగ్గరికి వెళ్ళి, "నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు.

తండ్రి వాణ్ణి చాలాసేపు చూశాడు. "నీ వల్ల అవుతుందని నాకు నమ్మకం లేదు. కానీ పంపడానికి ఇంకెవరూ లేరు" అన్నాడు.

రేవులో ఒక్క పాత ఓడ మిగిలి ఉంది. దాన్ని నడిపించే సరంగు పోలయ్య. అరవై ఏళ్ళు సముద్రం మీదే గడిపిన మనిషి. ఆయన కూతురు నూకాలు చుక్కాని పట్టేది. తాళ్ళూ తెరచాపలూ చూసే కళాసులు ఇంకో పదిమంది ఉన్నారు. ఓడ బయల్దేరింది.

మొదటి రెండు సముద్రాల్లో పుష్యకేతు పెద్దన్నయ్యను తలుచుకున్నాడు. ఓడ నడపాలంటే అన్నయ్యలాగే ఉండాలి కదా అనుకున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని గొంతు చించుకుని కేకలు వేశాడు. "తెరచాప పూర్తిగా ఎత్తండి" అన్నాడు. గాలి మళ్ళుతోందని పోలయ్య చెప్పబోతే ఇంకా గట్టిగా అరిచాడు. తెరచాప ఎత్తారు. అది నిలువునా చిరిగింది. అప్పటి నుంచి కళాసులు చెప్పిన పని మాత్రం చేసి నోరు మూసుకున్నారు. అడుగున మంచినీళ్ళ పీపా ఒకటి కారుతోందని ఒక కళాసి చూశాడు. కానీ దొరకు చెప్పలేదు. దొర అడగలేదు కదా. నాలుగు రోజుల తర్వాత చూస్తే సగం నీళ్ళు పోయాయి.

తర్వాతి రెండు సముద్రాల్లో పుష్యకేతు చిన్నన్నయ్యను తలుచుకున్నాడు. నీళ్ళు తక్కువున్నాయని అందరూ దిగులుపడుతుంటే నవ్వు మొహం పెట్టుకుని వచ్చి, "రేపు పొద్దున్నకల్లా తీపినీళ్ళ దీవి వస్తుంది. అక్కడ కొబ్బరి తోటలున్నాయి. కడుపునిండా తాగుదాం" అన్నాడు. అందరూ సంతోషపడ్డారు. తెల్లారింది. దీవి లేదు. "రేపు" అన్నాడు. మర్నాడూ లేదు. మూడో రోజు "రేపు" అంటే ఎవరూ తల కూడా ఎత్తలేదు.

నూకాలు మాత్రం చుక్కాని దగ్గర నుంచి అడిగింది. "దొరా, ఆ దీవిని మీరు చూశారా?"

"లేదు."

"ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"మరి ఉందని ఎందుకన్నారు?"

పుష్యకేతు అలవాటు ప్రకారం కాసేపు ఆగాడు. "మా అన్నయ్య అయితే అలాగే చెప్పేవాడు" అన్నాడు.

"మీ అన్నయ్య ఈ ఓడలో లేరు కదా దొరా. మీరున్నారు" అంది నూకాలు, మామూలుగా.

ఆ మాటతో పుష్యకేతు వెళ్ళి ఓడ ముందు భాగంలో ఒక్కడే కూర్చున్నాడు. సముద్రం వంక చూస్తూ ఆలోచించాడు. 'కేకలు వేసింది నేను కాదు, పెద్దన్నయ్య. కబుర్లు చెప్పింది నేను కాదు, చిన్నన్నయ్య. ఇన్నాళ్ళూ ఈ ఓడను నేను ఎక్కనేలేదు. మరి నేనంటూ ఎక్కితే ఏం చేస్తాను?' అనుకున్నాడు. ఎంత ఆలోచించినా పెద్ద జవాబేమీ రాలేదు. తనకు ఏం తెలుసో, ఏం తెలియదో మాత్రం తెలిసింది.

లేచి వచ్చి అందర్నీ పిలిచాడు. కేక వేయలేదు, నవ్వలేదు.

"దీవి ఎక్కడుందో నాకు తెలియదు. ఉందని అబద్ధం చెప్పాను. ఉన్న నీళ్ళు ఆరు రోజులకే సరిపోతాయి. సముద్రం సంగతి నాకంటే మీకు బాగా తెలుసు. ఎవరికి ఏది తోచినా చెప్పండి, వింటాను" అన్నాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పుష్యకేతుకు ఊరుకోవడం అలవాటే కాబట్టి తనూ ఊరుకున్నాడు. చివరికి ఒక కళాసి గొంతు సవరించుకుని, పొద్దుగూకేవేళ కొంగలు దక్షిణానికి పోతున్నాయని చెప్పాడు. ఇంకొకడు, నిన్న నీళ్ళలో పచ్చి కొమ్మ ఒకటి తేలుతూ కనిపించిందన్నాడు. అది ఏ దిక్కు నుంచి వచ్చిందో నూకాలు చెప్పింది. పుష్యకేతు అన్నీ విని, "అయితే దక్షిణానికి పోదాం" అన్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికి నిజంగానే ఒక దీవి వచ్చింది. అక్కడ రాళ్ళ మధ్య చలవ ఊట ఉంది. అందరూ కడుపునిండా తాగి, పీపాలు నింపుకున్నారు.

ఆ దీవి ఒడ్డున ఎద్దుబండి అంత తాబేలు ఒకటి పాత వలలో చిక్కుకుని ఉంది. కళాసులు కత్తులతో వల కోయబోయారు. పుష్యకేతు వాళ్ళను ఆపి, తాబేలు పక్కన కూర్చుని, "నీకు ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడిగాడు.

"ఎడమ కాలి దగ్గర తాడు కండలోకి దిగింది. అక్కడ లాగొద్దు, ముందు మెడ దగ్గర కొయ్యండి" అంది తాబేలు. అది చెప్పినట్టే కోశారు. వల ఊడింది. తాబేలు మెల్లగా కాళ్ళు చాచుకుంది.

"నా వయసు మూడు వందల ఏళ్ళు. నొప్పి ఎక్కడని నన్ను అడిగినవాడివి నువ్వొక్కడివే. ఎక్కడికి పోతున్నావు?" అని అడిగింది.

పుష్యకేతు చెప్పాడు.

"ఆ మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలో ఉంది. కానీ చిలకను కత్తితో కొడితే కత్తి మొద్దుబారుతుంది, బాణం వేస్తే బాణం విరుగుతుంది. అది మనిషితో మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు. నేను ఒడ్డు నుంచి చూసింది ఒక్కటే. విన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు, లేదా అబద్ధం అని అరుస్తారు. మరుక్షణం రాయైపోతారు" అంది తాబేలు. దారి గుర్తులు కూడా చెప్పింది.

ఐదో సముద్రం సుఖంగా గడిచింది. ఆరో సముద్రంలో తుఫాను పట్టుకుంది. కెరటాలు తాటిచెట్టంత లేస్తున్నాయి. తెరచాప దించాలా, దించకుండా గాలితోపాటు పోవాలా? పుష్యకేతు అడగడం మొదలుపెట్టాడు. ఒకడు దించమన్నాడు, ఒకడు వద్దన్నాడు. ఇంకొకణ్ణి అడిగాడు, ఆ తర్వాత ఇంకొకణ్ణి.

"రెంటిలో ఏదైనా సరే, తొందరగా చెప్పండి దొరా" అన్నాడు పోలయ్య.

పుష్యకేతు ఇంకో ఇద్దరిని అడిగాడు. ఈలోగా ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది. నూకాలు ఇక ఆగలేక కత్తి తీసుకుని తెరచాప తాడు తెంపేసింది. ఓడ నిలబడింది. కానీ ఆ ఒరగడంలో విరిగిన తెరచాప కొయ్య పోలయ్య చేతి మీద పడింది. ఎముక విరిగింది.

తుఫాను వెలిశాక పుష్యకేతు, "అందరం కలిసే కదా ఆలోచించాం, ఏం చేస్తాం" అన్నాడు. నూకాలు తండ్రి చేతికి బద్దలు పెట్టి కట్టు కడుతూ ఉండిపోయింది.

ఏడో సముద్రం దాటాక మాంత్రికుడి దీవి కనిపించింది. ఒడ్డు దిగగానే పెద్ద తోట. చెట్లు తక్కువ, రాతిబొమ్మలు ఎక్కువ. అన్నీ మనుషులంత ఎత్తు. కొన్ని చెవులు మూసుకుని ఉన్నాయి, కొన్ని నోరు తెరిచి ఉన్నాయి. ఒక చోట కత్తి ఎత్తి అరుస్తున్న బొమ్మ ఉంది. అది రణకేతు. కొంచెం దూరంలో రెండు చేతులతో చెవులు మూసుకున్న బొమ్మ ఉంది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. అది మధుకేతు. పుష్యకేతు ఇద్దరి పాదాలూ ముట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

ధూమ్రకేశుడు మర్యాదగానే ఎదురొచ్చాడు. తోట మధ్యలో ఇత్తడి పంజరం ఉంది. అందులో పచ్చటి చిలక, మామూలు చిలకే. మట్టి కుండ దాని పక్కనే ఉంది. మాంత్రికుడు పుష్యకేతును పంజరం ముందు కూర్చోబెట్టి తను దూరంగా వెళ్ళిపోయాడు. చిలక మాట్లాడేటప్పుడు అతను ఎప్పుడూ దగ్గర ఉండేవాడు కాదు.

చిలక నోరు తెరిచింది. వచ్చిన గొంతు చిలకది కాదు. పుష్యకేతుదే.

"నేను సభలో స్తంభం చాటున కూర్చునేవాణ్ణి. నాకు మాట రాక కాదు. మాట్లాడితే తప్పు దొర్లుతుందని, అందరూ నవ్వుతారని భయం. నాది నిదానం కాదు, పిరికితనం" అంది.

పుష్యకేతుకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. పాదాల దగ్గర చల్లగా తగిలింది. చూస్తే కాలి వేళ్ళు రాయిగా మారుతున్నాయి. అలవాటు ప్రకారం కాసేపు ఆగాడు. నిజంగా అంతేనా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు.

"నిజమే. భయపడ్డాను" అన్నాడు.

కాలి వేళ్ళు మెత్తబడ్డాయి. చిలక కళ్ళు మూసుకుంది. మొదటి రోజు గడిచింది.

రెండో రోజు పొద్దున చిలక మళ్ళీ వాడి గొంతుతోనే మాట్లాడింది.

"పెద్దన్నయ్య తిరిగి రాలేదన్నప్పుడు ఏడ్చాను. చిన్నన్నయ్య కూడా రాలేదన్నప్పుడు ఏడ్చాను. కానీ ఏడ్చే ముందు ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఇక సింహాసనం నాదేనని సంతోషించాను."

 ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. చేతులు వాటంతటవే చెవుల వైపు లేచాయి. మోకాళ్ళ దాకా రాయైపోయింది, నడుం దాకా అయింది. ఎదురుగా అన్నలిద్దరి బొమ్మలు కనిపిస్తున్నాయి. వాళ్ళ ముందు ఆ మాట ఒప్పుకోవాలంటే ప్రాణం పోతున్నట్టుంది. చేతుల్ని బలవంతాన ఒళ్ళోకి దించుకున్నాడు.

"నిజమే. ఒక్క క్షణం సంతోషించాను. ఆ సంతోషం నాదే, ఇంకెవరిదీ కాదు" అన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. రాయి మెల్లగా వదిలింది. ఆ రోజంతా వాడు అన్నల పాదాల దగ్గరే కూర్చున్నాడు.

మూడో రోజు వచ్చింది. ఇంతకంటే చెడ్డ మాట ఇంకేముంటుందిలే అనుకుంటూ పంజరం ముందు కూర్చున్నాడు.

చిలక అంది, "అందరి మాటా వినడం నా గొప్ప అనుకుంటున్నాను. కొన్నిసార్లు అది గొప్పే. కానీ తుఫానులో నేను అడిగింది తెలుసుకోవడానికి కాదు. తప్పు జరిగితే అది పన్నెండు మందికీ పంచొచ్చని అడిగాను. పోలయ్య చెయ్యి విరిగింది నా వల్ల."

ఇది మాత్రం పుష్యకేతు తట్టుకోలేకపోయాడు. పిరికివాణ్ణని ఒప్పుకున్నాడు, ఓర్వలేనివాణ్ణని ఒప్పుకున్నాడు. కానీ ఎన్నో ఏళ్ళు వెతుక్కుని వెతుక్కుని, ఇదీ నా పద్ధతి అని సముద్రం మధ్యలో సంపాదించుకున్నది ఒక్కటే ఉంది. దాన్ని కూడా చిలక పొడుస్తోంది. 'అబద్ధం' అనే మాట గొంతు దాకా వచ్చింది. రాయి నడుం దాటింది, ఛాతీ దాటింది, మెడ దాకా వచ్చింది. ఓడలో నిలబడి చూస్తున్న నూకాలు చుక్కాని కర్ర గట్టిగా పట్టుకుంది. పిలవలేదు. ఇది వాడొక్కడే చేయవలసిన పనని ఆమెకు తెలుసు.

పుష్యకేతు కళ్ళు మూసుకుని తుఫానులోకి తిరిగి వెళ్ళాడు. ఆ ఆఖరి ఇద్దరినీ ఎందుకు అడిగాడు? వాళ్ళ జవాబు అసలు విన్నాడా? వినలేదు. వాళ్ళేమన్నారో ఇప్పటికీ గుర్తులేదు.

"నిజమే. మాట చెప్పాల్సింది నేను, చెప్పకుండా అందరి వెనకా దాక్కున్నాను. ఆ చెయ్యి విరగడం నా తప్పే" అన్నాడు. గొంతు చిన్నదే, కానీ వణకలేదు.

రాయి మొత్తం ఒక్కసారిగా రాలిపోయింది.

ధూమ్రకేశుడు పరుగున వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "ఇంకో మూడు రోజులు వినాలి. లెక్క తప్పింది" అన్నాడు.

పుష్యకేతు అతనితో వాదించలేదు. చిలక వైపు తిరిగాడు. "నా గురించి అంతా చెప్పావు. నీకు చెప్పుకోవలసిందేమైనా ఉందా?" అని అడిగాడు.

"అడగొద్దు" అన్నాడు మాంత్రికుడు.

చిలక తల పక్కకు తిప్పి పుష్యకేతును చూసింది. "పన్నెండేళ్ళుగా ఎంతోమంది వచ్చారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే తప్ప ఈయన మాట చెప్పకూడదని నాకు కట్టడి. ఇప్పుడు నువ్వు అడిగావు కాబట్టి చెప్తాను" అంది. వెంటనే దాని గొంతు మారింది. అది ధూమ్రకేశుడి గొంతు.

"నా ప్రాణం నాలో ఉంటే నా మాట నాకు వినిపిస్తుంది. అది వినలేక తీసి చిలకలో పెట్టాను. నేను గొప్పవాణ్ణి కాను. జనం నన్ను చూసి నవ్వుతారని చిన్నప్పటి నుంచీ భయం. మంత్రాలు నేర్చుకున్నా ఆ భయం పోలేదు. సభలో అందరూ నవ్వినప్పుడు నది ఒడ్డుకు వెళ్ళి ఏడ్చాను. నదిని తెచ్చుకున్నాను గానీ అందులో ఒక్క గుక్క తాగలేకపోయాను."

ధూమ్రకేశుడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అతని పాదాలు రాయి కాసాగాయి.

"నిజమని ఒక్క మాట అనండి, వదిలిపోతుంది. నన్ను చూశారు కదా. మా వాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వడం తప్పే. అందుకు క్షమాపణ నేను చెప్తాను. మీరు ఆ ఒక్క మాట అనండి" అన్నాడు పుష్యకేతు. దగ్గరికి వెళ్ళి చేతులు కిందికి లాగబోయాడు కూడా.

మాంత్రికుడు ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూశాడు. పెదవులు కదిలాయి. కానీ, "అబద్ధం" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు రాయైపోయాడు. పొగలాంటి జుట్టు కూడా గాలిలో అలాగే గట్టిపడిపోయింది.

పంజరం తలుపు దానంతటదే తెరుచుకుంది. చిలక ఎగిరిపోయింది. తోటలో మిగతా రాతిబొమ్మలకు ఒకటొకటిగా ప్రాణం వచ్చింది; చెవులు మూసుకున్న చేతులు దిగాయి, తెరిచిన నోళ్ళు మూసుకున్నాయి. రణకేతు కత్తి పారేసి తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు. మధుకేతు మాట్లాడబోయి, మాటలు దొరక్క ఊరుకున్నాడు. పుష్యకేతు ఇద్దరికీ తన రెండో రోజు సంగతి దాచకుండా చెప్పాడు. చిలక మాకేం చెప్పిందో కూడా ఎప్పుడో ఒకప్పుడు చెప్తాంలే అన్నాడు రణకేతు. ముగ్గురూ నవ్వారు.

తర్వాత పుష్యకేతు ఓడ దగ్గరికి వెళ్ళి, పోలయ్య ముందు నిలబడి, కళాసులందరూ వినేలా, "ఆ రోజు నేను చెప్పవలసిన మాట చెప్పలేదు. నీ చెయ్యి నా వల్ల విరిగింది పోలయ్యా" అన్నాడు.

"ఎముక అతుక్కుంటుంది దొరా. ఆ మాట కోసమే చూస్తున్నాను" అన్నాడు పోలయ్య.

కుండ తీసుకుని ఏడు సముద్రాలు దాటి కేతనగిరి చేరుకున్నారు. దేశమంతా రేవులోనే ఉంది. గజకేతు మహారాజు పెద్దకొడుకుని చూశాడు, రెండో కొడుకుని చూశాడు. వాళ్ళిద్దరూ మూడోవాణ్ణి ముందుకు తోశారు. "నది తెచ్చినవాడే రాజ్యం చూసుకుంటాడు" అన్నాడు రాజు.

కానీ నదిని పొయ్యడం తేలిక కాలేదు పిల్లలూ. ఈ మూడేళ్ళలో పాపం, దిక్కులేని నలభై కుటుంబాల వాళ్ళు ఎండిన నదిలోనే చెలమలు తవ్వుకుని, గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. పాత దారిలో పోస్తే వాళ్ళ ఇళ్ళు మునుగుతాయి. పక్కనుంచి పోస్తే ఇంకెవరివో చేలు మునుగుతాయి. "పోసెయ్, వాళ్ళే లేచిపోతారు" అన్నాడు రణకేతు. "ఎవరికీ ఏమీ కాదని చెప్పి పోసేద్దాం" అన్నాడు మధుకేతు.

పుష్యకేతు మూడు రోజులు నది వెంట నడిచాడు. అందరినీ అడిగాడు, అందరి మాటా విన్నాడు. మూడో రోజు సాయంత్రం అడగడం ఆపేశాడు. "నది పాత దారిలోనే పారుతుంది. పది రోజుల్లో నలభై ఇళ్ళూ మెరక మీదికి మారుస్తాం. నేనూ మోస్తాను. ఈ నిర్ణయం నాది. మంచి జరిగితే మీ అందరిదీ, చెడు జరిగితే నా ఒక్కడిదీ" అన్నాడు. అన్నట్టే తట్టలూ వాసాలూ మోశాడు. పదకొండో రోజు కుండ వంచాడు. తెల్లేరు పరవళ్ళు తొక్కుతూ పారింది. పశువులు నీళ్ళలోకి దిగి అసలు బయటికే రాలేదు.

నెల తిరిగాక పుష్యకేతు నూకాలు దగ్గరికి వెళ్ళి, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు.

ఈసారి కాసేపు ఆగింది నూకాలు. "చేసుకుంటాను. నాకు తప్పనిపించింది మొహం మీదే చెప్తాను. రాణినని ఊరుకోను" అంది.

"అందుకే అడుగుతున్నాను" అన్నాడు పుష్యకేతు. ఓడ కళాసులందరూ పెళ్ళి పెద్దలుగా కూర్చున్నారు. పోలయ్య కట్టు విప్పిన చేత్తో కన్యాదానం చేశాడు.

ఆ ఏడు వానలకు ఒక పొరపాటు బయటపడింది. మూడేళ్ళు ఎండిన నది ఒక వంపు దగ్గర ఒడ్డు కోసుకుని ఈతపాడు అనే ఊరి చేలను ముంచేసింది. తప్పును ముహూర్తం పెట్టిన జోస్యుల మీదికి తోసేద్దామన్నారు మంత్రులు. పుష్యకేతు వినలేదు. నూకాలును వెంటబెట్టుకుని ఈతపాడు వెళ్ళాడు. మోకాలి లోతు బురదలో నిలబడి ఊరివాళ్ళతో, "నది ఇటు తిరుగుతుందని మీ ఊరి పెద్దాయన నాకు ముందే చెప్పాడు. విన్నాను, కానీ అలా జరగదనుకున్నాను. అది నా తప్పు. కోట తోటల్లో భూమి మీకు ఇస్తాను. ఇక్కడ గట్టు కట్టేదాకా నేనూ ఇక్కడే ఉంటాను" అన్నాడు. అని పార అందుకున్నాడు.

అప్పటిదాకా జనం వాణ్ణి 'చిన్న దొర' అనో 'నిదానం దొర' అనో అనేవాళ్ళు. పట్టాభిషేకం అయినా ఆ పిలుపు మారలేదు. ఆ మధ్యాహ్నం చేను పోగొట్టుకున్న ఒక ముసలమ్మ ముంత పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. మట్టి మోస్తున్న అతని ముందు ఆగింది.

"రాజుగారూ, కాస్త మజ్జిగ తాగి మళ్ళీ మొదలుపెట్టండి" అంది.

పుష్యకేతు ముంత అందుకుని తాగాడు. పక్కనే తట్ట ఎత్తుతున్న నూకాలు ఆ పిలుపు విని నవ్వింది.

ఆయన ఇంకా నలభై రెండేళ్ళు రాజ్యం చేశాడు. కేక వేయకుండా, కబుర్లు చెప్పకుండా, అడిగి, విని, ఆ తర్వాత తనే చెప్పి. ఆయనా నూకాలూ పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. తెల్లేరు ఏటికేడు సముద్రంలో కలుస్తూనే ఉంది. ఇక మనమూ లేద్దాం పిల్లలూ, పొయ్యి మీద అన్నం ఉడికింది.